దేశానికి గుర్తింపు వచ్చింది, యానాదికి గుర్తింపు కార్డు రాలేదు

2025 జనవరి 29 ఉదయం శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ ఎఫ్‌-15 లేచింది. ఆ దీవి నుంచి అది నూరో ప్రయోగం. ఆ రోజు మీ ఫోన్‌కి కూడా ఒక మెసేజ్ వచ్చే ఉంటుంది. రాకెట్ బొమ్మ, పక్కన మువ్వన్నెల జెండా, కింద ‘జాతి గర్వించే క్షణం’ అని. మీరు కూడా దాన్ని నలుగురికి పంపే ఉంటారు. తప్పేం లేదు, మేమూ పంపాం.

కానీ ఆ ‘జాతి’ అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మన తెలుగులో అదొక విచిత్రమైన మాట. టీవీలో జాతి అంటే నూట నలభై కోట్ల మంది. అదే మాట తహసీల్దారు ఆఫీసులో వినబడితే అర్థం మారిపోతుంది. ‘ఏ జాతి నువ్వు?’ అని గుమాస్తా అడిగితే, ‘యానాదోళ్లం సార్’ అని చెప్పి తల దించుకోవాలి. ఒకే మాట ఒకచోట ఛాతీ విరవడానికి, ఇంకోచోట తల వంచడానికి. పులికాట్ సరస్సుకి అటు గట్టున మొదటి అర్థం, ఇటు గట్టున రెండో అర్థం. మధ్యలో సూళ్లూరుపేట నుంచి దీవికి వేసిన రోడ్డు, ఒక చెక్‌పోస్టు.

ఈ వ్యాసం రాకెట్ల మీద కోపంతో రాస్తున్నది కాదు. దేశం డబ్బు చేసుకునే కొద్దీ తనను తాను ఎలా చూసుకుంటుంది, అద్దంలో ఎవరి ముఖం చూసుకుంటుంది, ఎవరి ముఖం కనబడితే సిగ్గుపడుతుంది అన్నదే ఇక్కడ ప్రశ్న. ఈ ప్రశ్న అడగడానికి శ్రీహరికోట కంటే మంచి చోటు దేశంలో లేదని మా అభిప్రాయం.

ముందు దీవి సంగతి. తూర్పున బంగాళాఖాతం, పడమర పులికాట్, మధ్యలో పొడుగ్గా పడుకున్న ఇసుకనేల. ఇవాళ తిరుపతి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మార్చేదాకా నెల్లూరు జిల్లా. బడి పుస్తకాల్లో దీని చరిత్ర 1969తో మొదలవుతుంది, ఉపగ్రహాలు ప్రయోగించడానికి ఈ దీవిని ఎంచుకున్న ఏడాది అది. అంతకు ముందు అక్కడ ఏముంది అంటే చాలామంది చెప్పే జవాబు ‘ఏమీ లేదు, అడివి’. తెల్లవాళ్ల కాగితాలే ఆ మాట అబద్ధమని చెబుతాయి. 1835లో ఈ దీవి కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చేటప్పటికే అక్కడ యానాదులు ఉన్నారు. తేనె తీసేవాళ్లు, కుంకుడుకాయలు, చింతపండు ఏరేవాళ్లు, బట్టలకు ఎర్రరంగు అద్దే చిరివేరు తవ్వేవాళ్లు. ప్రభుత్వం ఆ సరుకంతా తీసుకుని వాళ్ల చేతిలో ఏదో కాస్త పెట్టేది. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ పుస్తకంలో యానాదుల గురించి పెద్ద అధ్యాయమే ఉంది, అందులో శ్రీహరికోట పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. దీవి సరుగుడు, కట్టెలు బకింగ్‌హాం కాలవ మీద పడవల్లో మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. అంటే పట్నం అన్నం ఈ అడవి మంట మీద ఉడికింది. ఆ కట్టెలు కొట్టిన చేతులెవరివో పట్నానికి అప్పుడూ తెలీదు.

యానాది అన్న పేరు ‘అనాది’ నుంచి వచ్చిందని మన పెద్దవాళ్లు చెబుతారు. మొదలు ఎక్కడో తెలియనంత పాతవాళ్లు అని. పండితులు ఒప్పుకుంటారో లేదో గానీ, ఆ పేరు పెట్టుకున్నవాళ్ల లెక్క మాత్రం తేలిగ్గా అర్థమవుతుంది. మేం ఎప్పుడొచ్చామని అడక్కండి, మీరెప్పుడొచ్చారో చెప్పండి అని.

1969లో దీవిని ఎంచుకోవడానికి చెప్పిన కారణాలు సైన్స్ పరంగా సరైనవే. తూర్పు తీరం నుంచి తూర్పుకు వదిలితే భూమి తిరిగే వేగం రాకెట్‌కు కలిసొస్తుంది. పైన ఏదన్నా తేడా వస్తే ముక్కలు సముద్రంలో పడతాయి, ఊళ్ల మీద కాదు. ఇక మూడో కారణం ఉంది చూశారూ, అదీ మనం నిలబడి చదవాల్సింది. అక్కడ జనం ‘పెద్దగా లేరు’. జనం లేరు అని కాదు, పెద్దగా లేరు అని. గుడిసె గుండ్రంగా, పొట్టిగా ఉంటే, వంగి లోపలికి పోవాల్సినంత చిన్నగా ఉంటే, పట్టా కాగితం లేకపోతే, ఆ మనిషి ‘పెద్దగా లేని’ వాడే అవుతాడు. సుమారు 43 వేల ఎకరాల కేంద్రం అలా తయారైంది. యానాది కుటుంబాలు పులికాట్ ఇవతలకు, సూళ్లూరుపేట చుట్టుపక్కల ఊళ్లకు చెదిరిపోయాయి. కొందరు దీవి మీదే కూలీలుగా మిగిలారు. తేనె పట్టుకునే చెట్టు కంచె లోపల, మనిషి కంచె బయట.

1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో కేంద్రం పని మొదలుపెట్టింది. 

ఇక్కడ ఒక మనిషిని గుర్తు చేసుకోవాలి. విక్రం సారాభాయ్. మన అంతరిక్ష కార్యక్రమానికి ఆద్యుడు. ఆయన వాదన మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బీద దేశానికి రాకెట్లెందుకు అని అడిగినవాళ్లకు, చంద్రుడి మీదికి పోవడంలో డబ్బున్న దేశాలతో పోటీపడాలన్న భ్రమ మాకు లేదు, మా మనుషుల నిజమైన కష్టాలు తీర్చడానికి ఈ సాంకేతిక విద్యను వాడటంలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదు అన్నది ఆయన సమాధానం. అది ఊకదంపుడు మాట కాదు. 1975-76లో అమెరికా వాళ్ల ఉపగ్రహం అద్దెకు తెచ్చుకున్నట్టుగా తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ చూపించారు. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు మీద కార్యక్రమాలు. ఆ ఊళ్లలో ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి. కరెంటు లేని చోట బ్యాటరీలతో టీవీ నడిపారు.

అప్పటి దేశం తనను తాను ఎలా చెప్పుకుందో చూడండి. ‘నేను బీదదాన్ని, కాబట్టి నాకు సైన్స్ కావాలి’ అంది. ఆ మాటలో యానాదికి ఒక చోటు ఉంది. అతని దీవి తీసుకున్నారు, అది అన్యాయమే. కానీ కనీసం మాటవరసకైనా ఆ తీసుకున్నది అతని లాంటివాళ్ల కోసమే అని చెప్పాల్సి వచ్చింది. ఆ చెప్పాల్సి రావడం అనేది చిన్న విషయం కాదు. అడగడానికి అది ఒక పట్టు ఇస్తుంది. ‘మాకోసమే అన్నారు గదా, మరి ఏదీ?’ అని అడగొచ్చు.

ఇవాళ ఆ పట్టు కూడా జారిపోయింది. ఎలా జారిందో రెండు బొమ్మల్లో చెప్పుకుందాం.

మొదటిది మీరందరూ చూసిన ఫొటో. 1981లో యాపిల్ అనే ఉపగ్రహాన్ని ఎద్దులబండి మీద పెట్టి తీసుకెళ్తున్న ఫొటో. లోహం అడ్డు రాకుండా యాంటెన్నా పరీక్ష చేయడానికి చెక్కబండి పనికొస్తుందని అలా చేశారు. అందులో తెలివి ఉంది, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఇప్పుడు ఆ ఫొటో ఎలా తిరుగుతోంది? ‘ఎద్దులబండి నుంచి చందమామ దాకా’ అని. పక్కన చంద్రయాన్ బొమ్మ. అంటే ఎద్దులబండి అయిపోయిన కథ, మనం దాటొచ్చిన గతం. బండి తోలేవాడు మాత్రం గతం కాదు గదా, ఇవాళ కూడా ఉన్నాడు. అతను ఇప్పుడు నెల్లూరు పక్క రొయ్యల గుంట దగ్గర కాపలా ఉంటున్నాడు, ఇటుక బట్టీలో ఉన్నాడు. ఫొటో అతన్ని గతంలోకి నెట్టేసింది, అంతే.

రెండోది 2014 నాటి కార్టూన్. మంగళయాన్ సెప్టెంబర్‌లో అంగారకుడి కక్ష్యలోకి చేరింది. తొలి ప్రయత్నంలోనే, 450 కోట్ల రూపాయలతో. కొన్నాళ్లకే న్యూయార్క్ టైమ్స్ ఒక కార్టూన్ వేసింది. గొప్పవాళ్ల అంతరిక్ష క్లబ్బు తలుపు బయట తలపాగా కట్టిన ఒక భారతీయ రైతు, చేతిలో ఆవు పలుపు, తలుపు తడుతున్నాడు. దేశమంతా మండిపడింది. పత్రిక క్షమాపణ చెప్పింది. ఆ కార్టూన్‌లో తెల్లవాళ్ల పొగరు ఉందన్నది నిజం, మేం కాదనం. అయితే మన కోపాన్ని కూడా ఒకసారి వాసన చూడాలి. మనల్ని క్లబ్బు బయట నిలబెట్టారన్న కోపం ఎంత, మనల్ని రైతుగా, ఆవుతో గీశారన్న కోపం ఎంత? ఆ రోజుల్లో చాలామంది రాసింది రెండోదే. ‘మేమింకా అలాగే ఉన్నామనుకుంటున్నారా’ అని. అలా ఉన్నవాళ్లు దేశంలో కోట్లమంది ఉన్నారు. వాళ్లను పోలిక పెడితే అవమానం ఎందుకవ్వాలి? మీ అమ్మానాన్నలు పొలంలో ఉన్నప్పుడు ఎవరో ఫొటో తీస్తే దాచేస్తారా?

దాచేస్తుంది దేశం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు దిగింది. మన శ్రీహరికోట నుంచి జులై 14న పోయిందే అది. ఆ తేదీని జాతీయ అంతరిక్ష దినోత్సవం చేశారు. సరిగ్గా పదిహేడు రోజులకు ఢిల్లీలో జీ-20 సమావేశం. విదేశీ అతిథుల కార్లు పోయే దారిలో మురికివాడలకు పచ్చటి గుడ్డలు కట్టారు. ఆ పదిహేడు రోజుల్లో కొత్త భారతదేశం తన గురించి తాను ఏమనుకుంటోందో మొత్తం ఉంది. చంద్రుడి మీద గుంటల్ని లోకానికి చూపిస్తాం, వీధిలో గుంటల్ని గుడ్డతో కప్పుతాం.

ఆర్థిక వృద్ధి చేసే పని ఇదే. ‘బీదదాన్ని కాబట్టి’ అన్న దేశం ‘గొప్పదాన్ని కాబట్టి’ అనడం మొదలుపెడుతుంది. 2022లో బ్రిటన్‌ను దాటి ఐదో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయ్యాం. తర్వాత నాలుగో స్థానం అన్నారు. ఇప్పుడు 2047 నాటికి వికసిత భారత్, మన రాష్ట్రానికి స్వర్ణాంధ్ర. ఈ ర్యాంకులన్నీ మొత్తం సొమ్ముకు. తలసరి లెక్క తీస్తే నూటికి పైగా దేశాలు మనకంటే ముందున్నాయి, ఆ సంగతి మెసేజ్‌లో రాదు. ర్యాంకు ఒక వింత వస్తువు. అది వచ్చాక బీదవాడు హక్కుదారుడు కాకుండా పోతాడు, ర్యాంకు చెడగొట్టే మచ్చ అవుతాడు. మచ్చకు హక్కులుండవు, తుడిచివేత ఉంటుంది. ‘దేశం ఇంత ఎదుగుతుంటే మీకింకా యాభై ఏళ్ల నాటి గొడవేంది?’ అని మనల్ని అడిగే గొంతులో ఉన్నది అదే.

మరి గొప్ప దేశానికి ఆదివాసి అవసరం లేదా అంటే, ఉంది. బొమ్మగా ఉంది. 2021 నుంచి నవంబర్ 15ని జనజాతీయ గౌరవ దివస్‌గా జరుపుతున్నారు. సంతాల్ బిడ్డ రాష్ట్రపతి అయ్యారు, మనందరికీ సంతోషమే. అయితే ఇది కొత్త పద్ధతేం కాదు. 1959 డిసెంబర్‌లో పంచేత్ డ్యాం ప్రారంభించడానికి వచ్చిన నెహ్రూ, అక్కడ పనిచేసే ఒక సంతాల్ అమ్మాయి చేత మీట నొక్కించారు. ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ఆయన మెళ్లో దండ వేసినందుకు ఆమెకు పెళ్లయిపోయినట్టేనని ఊరు వెలివేసింది. కొన్నేళ్లకు డ్యాం వాళ్లు ఆమెను పనిలోంచి తీసేశారు. దేశం కొత్త గుళ్లు కట్టుకుంటున్నప్పుడు గుడి ముందు నిలబెట్టడానికి మనం పనికొస్తాం. తర్వాత సంగతి ఎవరికీ పట్టదు. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి 2004 దాకా ప్రాజెక్టుల కింద సుమారు ఆరు కోట్ల మంది చెదిరిపోయారని, అందులో 40 శాతం దాకా ఆదివాసులేనని వాల్టర్ ఫెర్నాండెజ్ అంచనా. దేశ జనాభాలో మనం నూటికి తొమ్మిది మందిమి కూడా లేం.

గుడి అన్నాను గనుక చిన్న మాట. రాకెట్ పోయేముందు దాని నమూనాను తిరుమల వెంకన్న పాదాల దగ్గర పెడతారు, సూళ్లూరుపేట చెంగాళమ్మకు పూజ చేస్తారు. నమ్మకం వాళ్లిష్టం. దీవి వదిలి వచ్చిన కుటుంబాల దేవతలు కూడా దీవి మీదే ఉండిపోయాయి. వాటికి కొబ్బరికాయ కొట్టడానికి కూడా గేటు పాసు కావాలి.

ఇక చట్టం దగ్గరకు వద్దాం, ఎందుకంటే మన పేజీ చదివేవాళ్లలో ఉత్తరాంధ్ర, భద్రాచలం వైపు వాళ్లు ఎక్కువ. మీకు 1/70 ఉంది, పెసా ఉంది, 1997 సమతా తీర్పు ఉంది. ఎంత ఉల్లంఘించినా కోర్టుకెక్కడానికి ఒక మెట్టు ఉంది. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఒక్క షెడ్యూల్డ్ ఏరియా లేదు. యానాదులు 2011 లెక్కల్లోనే ఐదు లక్షలు దాటారు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఇంత పెద్ద తెగ ఇంకోటి లేదు. అయినా ఐదో షెడ్యూల్ వాళ్లకు వర్తించదు. కొండ మీద లేరు గనుక. మైదానంలో, చెరువు గట్టున, ఊరి బయట రెండిళ్లు, మూడిళ్లుగా చెదిరి ఉన్నారు గనుక. అలా చెదరగొట్టిందెవరో అడగరు, చెదిరి ఉన్నారు కాబట్టి ప్రాంతం అనేది లేదంటారు. నెల్లూరులో యానాదుల కోసం ఐటీడీఏ పెట్టారు, అది పథకాలు పంచే ఆఫీసు. భూమి మీద అధికారం ఇచ్చేది కాదు.

దీవి తీసుకున్నప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. కాగితం ఉన్నవాడినే అది మనిషిగా చూసింది. తేనె చెట్టుకు కాగితం ఉంటుందా? పీత బొరియకు పట్టా ఉంటుందా? 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం వేరు, అది షెడ్యూల్డ్ ఏరియా అని చూడదు, దేశమంతా వర్తిస్తుంది. దాని 3(1)(ఎం) సెక్షన్ చదవండి. 2005 డిసెంబర్ 13కు ముందు, రావాల్సిన పునరావాసం ఇవ్వకుండా అడవి భూమి నుంచి చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టిన గిరిజనులకు పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి హక్కు అని రాసి ఉంది. 4(8) సెక్షన్ ఇంకో అడుగు వేసి, అభివృద్ధి పేరుతో నష్టపరిహార భూమి ఇవ్వకుండా ఖాళీ చేయించి, ఆ భూమిని ఐదేళ్లలో ఆ పనికి వాడకపోతే, దాని మీద హక్కు ఉందంటుంది. దీవిలో ఎంత మేర కట్టడాలున్నాయి, ఎంత మేర ఇప్పటికీ అడివే ఉంది అనేది ఉపగ్రహ చిత్రంలో ఎవరైనా చూడొచ్చు. ఆ చిత్రం తీసే ఉపగ్రహం కూడా అక్కణ్ణించే పోయింది. రాకెట్ ప్యాడ్ చుట్టూ భద్రత కోసం ఖాళీ ఉంచాలి, ఆ అవసరం మేం ఒప్పుకుంటాం. ఎవరూ లాంచ్ ప్యాడ్ కింద గుడిసె వేస్తామనడం లేదు. కానీ ఈ రెండు సెక్షన్ల కింద శ్రీహరికోట కుటుంబాల సంగతి కనీసం విచారించాలి, జాబితా తయారు చేయాలి. ఆ మాత్రం అడిగితే దేశద్రోహం ఎలా అవుతుంది?

‘ఏ దేశంలోనైనా ఇంతే గదా’ అనేవాళ్లకు రెండు దేశాల సంగతి చెప్తాం.

దక్షిణ అమెరికాలో ఫ్రెంచి గయానా ఉంది. అక్కడి కూరూ దగ్గర ఫ్రాన్స్ 1960లలో రాకెట్ కేంద్రం పెట్టింది. అక్కడా ఊళ్లు ఖాళీ చేయించారు. యూరప్‌కు అది గర్వకారణం, స్థానికులకు ఆసుపత్రులు సరిగా లేవు, ఉద్యోగాల్లేవు. 2017 మార్చి, ఏప్రిల్ నెలల్లో జనం రోడ్లు దిగ్బంధించారు, ఏరియేన్ రాకెట్ ప్రయోగం ఆగిపోయింది, కేంద్రంలోనే బైఠాయించారు. ఆ ఉద్యమం పేరేంటో తెలుసా? వాళ్ల భాషలో దానర్థం ‘గయానా కూడా పైకి లేవాలి’ అని. రాకెట్ మాటనే తీసుకుని ఎదురు ప్రశ్నగా మార్చారు. చివరికి ప్రభుత్వం దిగొచ్చి ఒప్పందం మీద సంతకం పెట్టింది.

బ్రెజిల్‌లో అల్కాంతరా. నల్లజాతి బానిసల వారసులు కిలొంబోలా అనే సమాజం తరాలుగా ఉన్న తీరం. 1980లలో రాకెట్ కేంద్రం కోసం 312 కుటుంబాలను సముద్రానికి దూరంగా కాలనీల్లోకి మార్చారు. చేపలు పట్టేవాడికి సముద్రం దూరమైతే ఏమవుతుందో పులికాట్ గట్టు వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. వాళ్లు వదల్లేదు. నలభై ఏళ్లు కొట్లాడి అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు దాకా పోయారు. 2023లో ఆ కోర్టు ముందు బ్రెజిల్ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. తర్వాత కోర్టు కూడా ప్రభుత్వం తప్పు చేసిందనే తేల్చింది. 2025లో తీర్పు బయటికొచ్చింది. క్షమాపణ చెప్పినందుకు బ్రెజిల్ చిన్నబోయిందా? అక్కడి రాకెట్ కేంద్రం మూతబడిందా? రెండూ జరగలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోకపోతే మేం మోసం చేసినట్టే. ఉపగ్రహాలు తీరం పేదలకు మేలు చేశాయి. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన తెలుగువాళ్లెవరూ మరిచిపోరు. సర్కారు లెక్కల్లోనే పదివేల మంది పోయారు. మొదట కొట్టుకుపోయేది ఎప్పుడూ గట్టు పక్క గుడిసెలే, అంటే యానాదులు, కూలీలు, మత్స్యకారులు. ఇవాళ తుఫాను పుట్టిన దగ్గర్నుంచి ఇన్శాట్ ఉపగ్రహాలు చూస్తూనే ఉంటాయి, రోజుల ముందే ఊళ్లు ఖాళీ చేయిస్తారు. అన్ని ప్రాణాలు ఇప్పుడు పోవడం లేదు. ఇది సారాభాయ్ మాట నిలబడ్డ చోటు. అందుకే రాకెట్లు వద్దని మేమెప్పుడూ అనలేదు, అనం. అయితే అన్నీ అలా లేవు. చేపలు ఎక్కడున్నాయో ఉపగ్రహం చూసి హైదరాబాద్ ఇన్‌కాయిస్ నుంచి రోజూ సమాచారం పంపుతారు. మరబోటు ఉన్నవాడికి అది బంగారం. పులికాట్ బురదలో వంగి చేతుల్తో రొయ్యలు, పీతలు పట్టే యానాది ఆడమనిషికి దాంతో పనేముంది? ఆమెకు కావలసింది రాయదొరువు దగ్గర పూడిపోయే ముఖద్వారం తెరిచి సరస్సులోకి సముద్రపు నీళ్లు రానివ్వడం. అది రాకెట్ సైన్స్ కాదు, పూడికతీత.

ఇప్పుడెందుకు ఇదంతా అంటారేమో. ఇప్పుడే మళ్లీ పెద్ద అంకెలు వస్తున్నాయి గనుక. 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్‌కు 3,984 కోట్ల పైచిలుకు మంజూరు చేసింది. తమిళనాడు కులశేఖరపట్నంలో రెండో రాకెట్ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన అయింది. తిరుపతి దగ్గర, లేపాక్షిలో స్పేస్ సిటీలు కడతామని రాష్ట్ర ప్రభుత్వం విధానం ప్రకటించింది. సత్యవేడు, వరదయ్యపాళెం వైపు శ్రీసిటీ ఎప్పుడో వచ్చింది. అంటే ఈ మూల మొత్తం దేశానికి షోకేసు కాబోతోంది. షోకేసులో పెట్టేముందు అద్దం తుడుస్తారు. ఆ తుడుపులో ఎవరు పోతారో యాభై ఏళ్ల కిందట ఒకసారి చూశాం.

శ్రీహరికోటలో 2019 నుంచి మామూలు జనం కూడా రాకెట్ చూడటానికి ఐదువేల మంది పట్టే గ్యాలరీ ఉంది. ముందు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, వచ్చేటప్పుడు ప్రభుత్వ గుర్తింపు కార్డు చూపించాలి. భద్రత ఉన్న చోట అది న్యాయమే. కానీ ఈ జిల్లాల్లో ఇప్పటికీ ఆధార్ లేని యానాది కుటుంబాలున్నాయి. బిడ్డ గుడిసెలో పుట్టింది, పుట్టినట్టు కాగితం లేదు. ఏడాది దాటాక నమోదు చేయించాలంటే ఆర్డీవో ఆఫీసు దాకా తిరగాలి. ఒక రోజు తిరిగితే ఒక రోజు కూలి పోతుంది, గుంట యజమాని దగ్గర తెచ్చుకున్న అడ్వాన్సు అలాగే ఉంటుంది. పుట్టిన కాగితం లేక ఆధార్ లేదు, ఆధార్ లేక కుల ధ్రువీకరణ లేదు, అది లేక హాస్టల్ సీటు లేదు. రాష్ట్రంలో గిరిజనుల అక్షరాస్యత 2001లో 37 శాతం, 2011లో 49 శాతం. ఎందుకు అంత నెమ్మది అంటే ఈ తిరుగుడు కూడా ఒక కారణం. హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో కారేసుకుని వచ్చిన కుటుంబం గ్యాలరీలో కూర్చుని జెండా ఊపొచ్చు. ఆ దీవి మీద తాతముత్తాతల బొంద ఉన్న మనిషికి లోపలికి రావడానికి కార్డు లేదు. గుర్తింపు అనే మాటకు కూడా చూడండి, రెండు అర్థాలు. దేశానికి ప్రపంచంలో వచ్చిందీ గుర్తింపే, ఇతని జేబులో లేనిదీ గుర్తింపే.

మా డిమాండ్లు పెద్దవి కావు. 1970లలో దీవి వదిలిన కుటుంబాలెన్ని, వాళ్ల పిల్లలు, మనవలు ఇప్పుడెక్కడున్నారు అన్నది జిల్లా యంత్రాంగం, ఐటీడీఏ కలిసి ఇల్లిల్లూ తిరిగి జాబితా చేయాలి. ఆ జాబితా ముందు పెట్టుకుని అటవీ హక్కుల చట్టం కింద విచారణ జరపాలి. మూడో లాంచ్ ప్యాడ్ పనుల్లో ఊడ్చే పని, మోసే పని కాకుండా, ఐటీఐ చదివిన యానాది పిల్లలకు శిక్షణ ఇచ్చి పర్మినెంటు ఉద్యోగాలు ఇవ్వాలి. ఏడాదికి ఒక రోజన్నా పెద్దల బొందల దగ్గరికి, దేవతల దగ్గరికి పోనివ్వాలి. ఆ దీవికి వచ్చే పిల్లలకు చూపించే ప్రదర్శనలో 1969కి ముందు పేజీ ఒకటి ఉండాలి, అందులో యానాది అన్న మాట ఉండాలి. మరో డిమాండ్ కులశేఖరపట్నం వాళ్లకోసం: అక్కడి మనుషుల పేర్లు, కట్టడాలు లేవకముందే రాసిపెట్టండి.

ఇది చదువుతున్న మీకు ఒక పని. వచ్చే ప్రయోగం తేదీ ప్రకటించగానే, ఆ వారంలో ఒక సాయంత్రం మీ ఊరి పక్కన యానాది కాలనీకి వెళ్లండి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు, ప్రకాశం జిల్లాల్లో అలాంటి కాలనీ లేని మండలం దొరకడం కష్టం. ఒక నోటుబుక్కు తీసుకుపోండి. ఎంతమందికి పుట్టిన కాగితం లేదు, ఎంతమందికి ఆధార్ లేదు, ఎంతమంది పిల్లలు కాగితం లేక బడి మానేశారు, రాసుకోండి. ముసలివాళ్లుంటే, ఎక్కడి నుంచి వచ్చారో అడగండి. దీవి నుంచి అని చెప్పినవాళ్ల మాట పూర్తిగా, వాళ్ల మాటల్లోనే రాయండి, వాళ్లు ఒప్పుకుంటేనే పేరు రాయండి. ఆ లెక్క మండల ఆఫీసులో అర్జీగా ఇచ్చి, రసీదు తీసుకోండి. రసీదు ఫొటో మాకు పంపండి. రాకెట్ ఫొటో పక్కన పెడతాం.